నాలుగు ఊళ్లు, మూడు గడియారాలు, ఒకే కథ: కలిసి ఆడటానికి ఏ గేమ్ మేలు?

ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నప్పుడు ఏ గేమ్ ఆడాలన్న ప్రశ్నే ఉండేది కాదు. ఒక గదిలో నాలుగు కంప్యూటర్లు, మంచం కింద ఒక స్విచ్, కాళ్లకు తగిలే లాన్ కేబుళ్లు. ఎవరి హార్డ్ డిస్కులో ఏది ఉంటే అదే అందరిదీ. ఇప్పుడు నేను హైదరాబాదులో, ఒకడు గుంటూరులో, ఒకడు డాలస్‌లో, ఇంకొకడు మెల్‌బోర్న్‌లో. ఉద్యోగాలు, పిల్లలు, ఈఎంఐలు. అయినా సరే, కత్తులూ మంత్రాలూ ఉన్న పెద్ద కథ ఒకటి నలుగురం కలిసి మొదటి నుంచి చివరిదాకా ఆడాలని పట్టుబట్టాం. ఒకటి కాకపోతే ఒకటి అని చాలా ప్రయత్నించాం.

"మామా, ఫ్రెండ్స్‌తో ఆడటానికి ఏది బెస్టు?" అని ఈమధ్య నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీలో ఒకడు రాని రోజు ఏం చేస్తారు? మిగతావాళ్లు ఆగిపోవాలా? సాగితే, రానివాడు వెనకబడిపోతాడా? సంసారాలున్న నలుగురిలో ఒకడు రాని వారం తప్పకుండా వస్తుంది. జట్టు చెడిపోయేది అక్కడే. గ్రాఫిక్స్ నచ్చక మానేసినవాణ్ని నేను చూడలేదు. రెండు వారాలు రాలేకపోయి, మూడోవారం అడగడానికి మొహమాటపడి అలాగే దూరమైనవాళ్లను చాలామందిని చూశాను.

ముందు గడియారం సంగతి తేల్చుకోవాలి. మాకు కుదిరిన ముహూర్తం ఆదివారం ఉదయం 7:30. వేసవిలో అది డాలస్‌లో శనివారం రాత్రి 9, మెల్‌బోర్న్‌లో ఆదివారం మధ్యాహ్నం 12. ఇక్కడ ఇంట్లో ఇంకా ఎవరూ లేవరు, డాలస్‌లో పాప పడుకుని ఉంటుంది, మెల్‌బోర్న్‌వాడు అన్నం ప్లేటు పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. చలికాలంలో అమెరికా గడియారం గంట వెనక్కి, ఆస్ట్రేలియా గడియారం గంట ముందుకి జరుగుతాయి. అదే 7:30కి వాళ్లకు రాత్రి 8, మధ్యాహ్నం 1 అవుతుంది. మన గడియారం ఒక్కటే మారదు కాబట్టి గ్రూపులో ఎప్పుడూ మన టైమే చెప్పుకోండి.

తర్వాత దూరం. హైదరాబాదు నుంచి డాలస్‌కి నేరుగా గీత గీసినా దాదాపు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్ కేబుల్లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే సిగ్నల్ వెళ్లి రావడానికే 140 మిల్లీసెకన్లు కావాలి. సముద్రం అడుగున కేబుల్ తిన్నగా పోదు కనుక అసలు పింగ్ (సిగ్నల్ పోయి వచ్చే సమయం) 200 దాటుతుంది. ఎంత ఖరీదైన ప్లాన్ వేయించుకున్నా ఇది తగ్గదు. రౌటర్ మార్చి, ప్లాన్ మార్చి డబ్బు పోసేముందు ఈ లెక్క ఒక్కసారి వేసుకోండి.

ఆ లెక్కకే ఎల్డెన్ రింగ్ మాకు దక్కలేదు. 2022 ఫిబ్రవరిలో వచ్చిన, కత్తి దెబ్బను క్షణంలో తప్పుకోవాల్సిన ఆ గేమ్ అంటే నాకు ప్రాణం. ఒంటరిగా తిరిగినంతసేపూ దానికి సాటి లేదు. స్నేహితులతో అంటే మాత్రం మొత్తం ముగ్గురికే చోటు. నాలుగోవాడు బయటే. పద్ధతి కూడా చుట్టాన్ని పిలిచినట్టుంటుంది: వచ్చేవాడు నేలమీద తన గుర్తు వేయాలి, పిలిచేవాడు ఒక మందు తయారుచేసుకుని వాడితేనే ఆ గుర్తు కనిపిస్తుంది. ఆ చోటి బాస్ (పెద్ద శత్రువు) పడిపోగానే అతిథి తన లోకానికి వెళ్లిపోతాడు, అక్కడ అదే బాస్ ఇంకా బతికే ఉంటుంది. కలిసి ఉన్నంతసేపూ గుర్రం ఎక్కడానికి లేదు. ఈ కట్టుబాట్లు తీసేసే సీమ్‌లెస్ కోఆప్ అనే మాడ్ (అభిమానులు చేసిన మార్పు) పీసీలో ఉంది. దాంతో నేనూ గుంటూరువాడూ హాయిగా ఆడాం. డాలస్‌వాడు చేరిన రోజే తేడా వచ్చింది: వాడి తెరమీద కత్తి ఇంకా జానెడు దూరంలో ఉండగానే ప్రాణం తగ్గిపోయేది. "తప్పుకున్నాను రా, నిజంగా తప్పుకున్నాను" అని వాడంటుంటే మేం నమ్మాం, ఆటే నమ్మలేదు. 2025 మేలో వచ్చిన దాని తోబుట్టువు నైట్‌రెయిన్ కూడా ముగ్గురి లెక్కన కట్టిందే. ఒకే ఊళ్లో, ఒకే దేశంలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఇవి మంచివి. సముద్రాలు దాటి ఉన్నవాళ్లకు వద్దు.

రాని రోజు అన్న ప్రశ్నకు అందరికంటే ధీమాగా జవాబు చెప్పేది, ఎందరో ఒకే లోకంలో తిరిగే ఆన్‌లైన్ గేమ్ గిల్డ్ వార్స్ 2. 2012లో వచ్చింది, నెల చందా లేదు, అసలు గేమ్ 2015 నుంచి ఉచితం. లెవెల్ 80 వాడు లెవెల్ 15 అడవిలోకి వస్తే అతని బలం ఆ చోటికి తగ్గట్టు దిగుతుంది. రోజూ ఆడేవాడూ నెలకోసారి వచ్చేవాడూ పక్కపక్కనే నడవొచ్చు. ఒకే రాక్షసిని ఇద్దరు కొడితే ఇద్దరికీ విడివిడిగా సొమ్ము దక్కుతుంది, పంపకాల పేచీ లేదు. క్వీన్స్‌డేల్ చిత్తడి నేలలో షాడో బెహెమోత్ అనే పెద్ద రాక్షసి రెండు గంటలకోసారి పైకి లేస్తుంది. ఆ వేళకు అక్కడ ముక్కూమొహం తెలియనివాళ్లు గుంపుగా చేరి ఉంటారు, మీరూ వెళ్లి చేరిపోవచ్చు. మొదటిసారి ఆ గుంపులో నలుగురం నిలబడినప్పుడు జాతరలో తప్పిపోకుండా చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది.

ఒక జాగ్రత్త: అకౌంటు తెరిచేటప్పుడు ఉత్తర అమెరికా, యూరప్ అని ప్రాంతం అడుగుతుంది. ఒకడు అదీ ఇంకొకడు ఇదీ ఎంచుకుంటే లోపల ఒకరికొకరు కనిపించరు. ముందే ఫోన్లో మాట్లాడుకుని ఒకటే తీసుకోండి.

మరి ఎందుకు వదిలేశాం? అందులో కథ ఎవరిది వాళ్లదే. మీ కథ ఘట్టంలోకి నేను సాయానికి రాగలను, కానీ నేనూ సరిగ్గా అదే మెట్టు మీద ఉంటే తప్ప నా కథ ముందుకు కదలదు. నాలుగు నెలలు ఆడాక వెనక్కి తిరిగి చూస్తే చాలా రాక్షసుల్ని కొట్టామని గుర్తుంది, కలిసి ఒక సంగతి తేల్చుకున్నామని గుర్తులేదు. మేం కోరుకున్నది రెండోది. రోజూ అరగంట దొరికేవాళ్లకు, వేళ కుదరని పెద్ద గుంపులకు మాత్రం ఇప్పటికీ దాన్నే ముందు చెబుతాను.

ఫైనల్ ఫాంటసీ 14 కూడా చూశాం. లెవెల్ 70 దాకా ఉచితంగా ఆడనిస్తుంది, గడువు లేదు. కానీ ముఖ్య కథ చాలావరకు ఒక్కరే నడవాల్సిన దారి, పైగా ఉచిత అకౌంటువాడు తనంతట తాను పార్టీ (జట్టు) కట్టలేడు, ఎవరో పిలవాలి. ఇక ఇళ్లు కట్టుకుంటూ ఆడే వాల్‌హైమ్: 2021లో వచ్చింది, డిస్కులో ఒక జీబీ సుమారు చాలు, పదిమంది దాకా ఆడొచ్చు. రానివాడు తిరిగొచ్చేసరికి ఇల్లు ఇంకో అంతస్తు లేచి ఉంటుంది. ముచ్చటగానే ఉంటుంది గానీ, కూర్చుని మాట్లాడుకునే పాత్రలు అందులో లేవు.

మిగిలినవి ఒకే ఇంట పుట్టిన అన్నదమ్ములు. బెల్జియంలోని గెంట్ నగరపు లారియన్ స్టూడియోస్ చేసిన డివినిటీ: ఒరిజినల్ సిన్ 2 (2017), బాల్డర్స్ గేట్ 3 (2023). రెండింటిలోనూ నలుగురు దాకా ఆడొచ్చు. రెండింటిలోనూ యుద్ధం వంతులవారీగా నడుస్తుంది. ఇక్కడ పింగ్ రెండొందలైనా మూడొందలైనా ఎవరికీ పట్టదు. మధ్యలో డాలస్‌లో పాప ఏడిస్తే వాడు మైక్ ఆపి, వెళ్లి జోకొట్టి వస్తాడు. శత్రువులు కత్తులు పట్టుకుని అలాగే నిలబడి ఉంటారు. ఈ ఒక్క సుఖం కోసం వంతుల ఆటకు నేను జై కొడతాను.

ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైలు (సేవ్) హోస్ట్, అంటే గేమ్ తెరిచి మిగతావాళ్లను పిలిచేవాడి కంప్యూటర్లో ఉంటుంది. రానివాడి పాత్రను హోస్ట్ నడిపిస్తాడు, దానికీ అందరితోపాటే అనుభవం జమవుతుంది, కాబట్టి లెవెల్లో వెనకబడటం లేదు. కథలో వెనకబడకుండా మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం: ఆ వారం ఏం జరిగిందో ఎవరో ఒకరు వాట్సాప్‌లో ఐదు నిమిషాల వాయిస్ నోట్ పెట్టాలి. హోస్టే రాకపోతే మాత్రం ఆ రోజు ఆట లేదు. అందుకని మీలో మంచి కంప్యూటర్ ఉన్నవాణ్ని కాక, మాట తప్పకుండా వచ్చేవాణ్ని హోస్ట్ చేయండి.

ఇద్దరు అన్నదమ్ముల్లో ఎవరు? పేరుప్రతిష్ఠలు బాల్డర్స్ గేట్ 3వి, అర్హత ఉన్న కీర్తే. 1974లో పుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ పద్ధతిలో ఇరవై ముఖాల పాచిక వేసి నడిపే కథ. ఒకరు ఎవరితోనైనా మాట్లాడుతుంటే మిగతావాళ్లు విని, ఏ జవాబు చెప్పాలో తమ ఓటు చూపించొచ్చు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎనిమిదో ప్యాచ్‌తో (అప్‌డేట్) పీసీవాడూ ప్లేస్టేషన్‌వాడూ కలిసి ఆడుకోవచ్చు. ఒకడు పూర్తిగా మానేస్తే జట్టు విడిది చేసే శిబిరంలో విథర్స్ అనే పాత్ర దగ్గరున్న అల్మరాలో అతని పాత్రను పెట్టేయొచ్చు. ఎంత ఆలోచించి చేశారో చూడండి.

అయినా నలుగురికి అది వద్దంటాను. జట్టులో మొత్తం నాలుగే స్థానాలు. నలుగురం మనుషులమే నిండిపోతే షాడోహార్ట్, ఆస్టేరియన్, కార్లాక్ వంటి కథలోని సహచరులు శిబిరంలో కూర్చుండిపోతారు. దారి పొడవునా వాళ్లు గిల్లికజ్జాలాడుకోవడం, మన నిర్ణయాలకు అలగడం, మెచ్చుకోవడం, ఆ గేమ్ ప్రాణమంతా అందులోనే ఉంది. వాళ్లలో ఒకరి పాత్రనే మనం తీసుకోవచ్చు, కానీ అప్పుడు వాళ్ల సొంత గొంతు చాలావరకు మూగబోతుంది. బరువు సంగతి సరేసరి: 150 జీబీ ఖాళీ, ఎస్ఎస్‌డీ తప్పనిసరి, తక్కువలో తక్కువ జీటీఎక్స్ 970 స్థాయి గ్రాఫిక్స్ కార్డు. మా గుంటూరువాడి పాత ల్యాప్‌టాప్ అక్కడే చేతులెత్తేసింది. ఆడేది ఇద్దరే అయితే, ముఖ్యంగా ఒకే ఇంట్లో భార్యాభర్తలో అన్నదమ్ములో అయితే, బాల్డర్స్ గేట్ 3 కళ్లు మూసుకుని తీసుకోండి. ఇద్దరు మనుషులు, ఇద్దరు సహచరులు, ఒకే టీవీని రెండుగా చీల్చుకుని ఆడొచ్చు.

నలుగురికి డివినిటీ: ఒరిజినల్ సిన్ 2. దాదాపు 60 జీబీ, నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్ కూడా తక్కువ సెట్టింగుల్లో లాగుతుంది. మొదట్లోనే ఆరుగురు పాత్రల్ని చూపించి ఎవరికి ఎవరు కావాలని అడుగుతుంది, ఒక్కొక్కరికీ సొంత పగ, సొంత రహస్యం ఉంటాయి. గుంటూరువాడు నిప్పు ఊదే బల్లిజాతి రాకుమారుడు రెడ్ ప్రిన్స్‌ని తీసుకున్నాడు. డాలస్‌వాడు లోపల పిశాచం తిష్ఠవేసిన గాయనిని తీసుకుని, నీటి మంత్రాలతో వైద్యం తన పని అన్నాడు. నేను విలుకాడు ఇఫాన్. మెల్‌బోర్న్‌వాడు ఫేన్. ఫేన్ అంటే నడిచే అస్థిపంజరం, వేలి ఎముకలతోనే తాళాలు తీస్తాడు.

కథ మొదట్లో వచ్చే ఫోర్ట్ జాయ్ కోటలో మొదటి పెద్ద కొట్లాట. ఫేన్ ప్రాణం సగానికి పడిపోయింది. డాలస్‌వాడు పరుగున వచ్చి వైద్య మంత్రం వేశాడు. పచ్చ అంకె రావలసిన చోట ప్రాణం ఇంకా తగ్గింది. "ఒరేయ్, నన్ను బాగుచేయకురా, చచ్చిపోతున్నా!" అని మెల్‌బోర్న్ నుంచి కేక. చచ్చినవాడి ఒంటికి వైద్యం విషం, విషమే వైద్యం. అది మాకు అప్పుడే తెలిసింది. వెంటనే నేను విషం సీసా అతని కాళ్లకింద పగలగొట్టాను, ఎముకలు కోలుకోవడం మొదలైంది. ఆ తర్వాత వంతు రెడ్ ప్రిన్స్‌ది. ఎదురుగా ఉన్న శత్రు సైనికులు మెజిస్టర్ల మీదికి నిప్పు ఊదాడు. విషం మడుగుకు నిప్పంటుకుంటుందని ఎవరికీ తోచలేదు. భగ్గుమంది. నలుగురమూ పోయాం. కాల్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత నలుగురం ఒక్కసారే నవ్వాం. హాస్టల్ గది తర్వాత నేను అలా నవ్వడం అదే మొదలు.

మొదలుపెట్టేముందు ఒకటి మాట్లాడుకోండి. ఇందులో ప్రతి శత్రువుకూ శరీర కవచం, మంత్ర కవచం రెండూ వేరువేరుగా ఉంటాయి. ముగ్గురు కత్తులు పట్టి ఒక్కడు మంత్రాలు పడితే, ఆ ఒక్కడు మంత్ర కవచం గీకుతూ ఉండగానే కొట్లాట అయిపోతుంది, వాడికి విసుగొస్తుంది. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు ఉండండి, లేదా నలుగురూ ఒకవైపే. క్లాసిక్ అనే మామూలు స్థాయిలో మొదలుపెట్టినా కష్టమైతే మధ్యలో ఎక్స్‌ప్లోరర్ అనే తేలిక స్థాయికి దిగొచ్చు. మేం దిగాం, ఫోర్ట్ జాయ్ దాటాక మళ్లీ ఎక్కాం. సంభాషణలన్నీ ఇంగ్లీషే, చదవాల్సింది చాలా ఉంది. గుంటూరువాడు ముఖ్యమైన మాటలన్నీ అప్పటికప్పుడు వాళ్ల యాసలో చదివి వినిపిస్తాడు. అది లేకుండా ఆడమంటే ఇప్పుడు మాకు ఆడబుద్ధి కాదు.

మొన్న మెల్‌బోర్న్‌వాడికి రెండో బిడ్డ పుట్టింది. ఆరు వారాలు రాలేదు. ఫేన్‌ని నేనే నడిపాను, వారంవారం వాయిస్ నోట్లు పంపాం. దారిలో ఏ పెట్టెలో విషం సీసా కనిపించినా ముగ్గురం అమ్మకుండా అతని సంచిలో వేస్తూ వచ్చాం. ఏడో ఆదివారం 7:40కి లాగిన్ అయ్యాడు. ఒళ్లో బిడ్డ, ఒంటిచేత్తో మౌస్. సంచి తెరిచి కాసేపు చూశాడు.

"ఇరవై మూడున్నాయేంట్రా," అన్నాడు.