ఈ20 పెట్రోలు: నెల్లూరు, కావలి వైపు పాత బండ్లకు సరిపడుతుందా?

బంకులో మామూలు నాజిల్ నుంచి ఇప్పుడు వచ్చేది ఈ20. లీటరులో 200 మిల్లీలీటర్ల దాకా ఇథనాల్ ఉంటుంది. చెరకు మొలాసిస్, మొక్కజొన్న, నూకల నుంచి తీసిన స్పిరిట్ అది. ఇంజన్‌కు విషమేమీ కాదు, 95 ఆక్టేన్‌తో నాకింగ్ (ఇంజన్‌లో టకటక కొట్టుకోవడం) తగ్గుతుంది కూడా. పాత బండికైతే 5కి 3 మార్కులు, అదీ నీళ్ల విషయంలో జాగ్రత్తగా ఉంటేనే.

మైలేజీ గోల ఎక్కువగా వినిపిస్తోంది. లీటరు పెట్రోల్లో శక్తి సుమారు 32 మెగాజౌళ్లు, ఇథనాల్లో 21. ఆ లెక్కన ఈ10 (10 శాతం ఇథనాల్) నుంచి ఈ20కి మారితే తగ్గేది 3-4 శాతం. 50 ఇచ్చే బండి 48 ఇస్తుంది. 40కి పడిపోయిందంటే ఎయిర్ ఫిల్టరు, టైర్లలో గాలి, పట్టేస్తున్న బ్రేకు చూపించండి. మైలేజీ కొలవాలంటే నాజిల్ మొదటిసారి ఆగిన చోటే ఆపించి, 200 కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో అలాగే నింపించి భాగించాలి.

ఇంజెక్షన్ బండ్లలో ఆక్సిజన్ సెన్సరు ఇచ్చే సమాచారం చూసుకుని బండి కంప్యూటరే పెట్రోలు కాస్త ఎక్కువ వదులుతుంది. పాత బండ్లలో గాలి, పెట్రోలు కలిపే కార్బొరేటర్‌కు ఆ సౌకర్యం లేదు. పికప్ తడబడటం, ప్లగ్గు తెల్లగా కాలడం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టప్ టప్‌మనడం కనిపిస్తే మిశ్రమం పలచబడినట్టే, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తగ్గినట్టే. కార్బొరేటర్ మీద మిశ్రమం సరిచేసే పైలట్ స్క్రూ పావు చుట్టు తిప్పించండి: స్క్రూ ఇంజన్ వైపు ఉంటే బయటికి, ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటే లోపలికి. అప్పటికీ తగ్గకపోతే మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) ఒక సైజు పెంచాలి. పాత పెట్రోలు పైపు వేళ్ల మధ్య నొక్కితే జిగటగా, ఉబ్బినట్టు తగిలితే ఆ రోజే మార్చేయాలి. కార్బొరేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ చాంబర్ రబ్బరు రింగు కూడా అంతే.

అసలు ప్రమాదం నీళ్లు. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. ఈ10 పెట్రోలు సుమారు అర శాతం నీటిని కలుపుకోగలదు, అంటే 10 లీటర్ల ట్యాంకులో 50 మిల్లీలీటర్లు. ఈ20 ఇంకొంచెం తట్టుకుంటుంది. అది దాటితే నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగిపోతాయి. ట్యాంకు కింద పెట్రోలు వదిలే కాక్ లాగేదీ అడుగు నుంచే కదా, కిక్ కొట్టి కొట్టి కాళ్లు పడిపోవాల్సిందే. పైన కొత్త పెట్రోలు పోస్తే లాభం లేదు. ట్యాంకు, చాంబర్ రెండూ పూర్తిగా ఖాళీ చేయించి, ఆరబెట్టి నింపాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు ముసురు వదలదు. బండి కొన్ని వారాలు కదలదనుకుంటే ట్యాంకు నిండా పోయించి, కాక్ మూసి, చాంబర్ డ్రెయిన్ చేయండి. మూత రబ్బరు పగిలి ఉంటే ముందు అది మార్చండి.

అనుమానం ఉంటే ఆరుబయట, నిప్పుకు దూరంగా పరీక్షించవచ్చు. 100 మిల్లీలీటర్ల గాజు కొలపాత్రలో 10 నీళ్లు, 90 పెట్రోలు పోసి కుదిపి పది నిమిషాలు ఉంచండి. అడుగు పొర 28 దగ్గర నిలిస్తే ఈ20. బాగా పైకి వెళ్తే ఇథనాల్ ఎక్కువ కలిసిందో, ముందే నీళ్లు చేరాయో.

ఫ్లెక్స్ ఫ్యూయల్ బండి (ఇథనాల్ బాగా ఎక్కువ కలిసినా నడిచేది) కొనాలనుకునేవారికి ఒక మాట. హోండా సీబీ300ఎఫ్ ఫ్లెక్స్ ఈ85 (85 శాతం ఇథనాల్) దాకా తాగుతుంది. కానీ 2024 మార్చిలో ఈ100 మొదలుపెట్టిన 5 రాష్ట్రాల్లో తమిళనాడు, కర్ణాటక ఉన్నాయి, మనం లేము. పైగా ఈ85తో సుమారు పావు వంతు మైలేజీ పోతుంది. లీటరు ధర అంతకు మించి తగ్గి, మీ ఊరి బంకులో దొరికే దాకా ఆ డబ్బు పెట్టకండి.