ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మెయిన్ ప్యానెల్‌కి కేబుల్ కొంటున్నారా? తొడుగు మీద అంకె చూసి డబ్బు కట్టకండి

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మెయిన్ బ్రేకర్ దాకా వేసే కేబుల్ కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒక మాట దగ్గరే: "ట్రాన్స్‌ఫార్మర్ 100 కేవీఏ, అంటే 144 ఆంప్స్. ఈ కేబుల్ 200 లాగుతుంది, నిశ్చింతగా తీసుకోండి." 400 వోల్టుల త్రీ ఫేజ్‌కి 144 సరైన లెక్కే. ఆ 200 మాత్రం మీ సైటు అంకె కాదు.

అది 30 డిగ్రీల గాలిలో ఒంటరిగా పోయే కేబుల్‌కి అనుకోండి. గాలి 40 డిగ్రీలుంటే ఎక్స్‌ఎల్‌పీఈ (90 డిగ్రీల వేడి దాకా తట్టుకునే పాలిథిన్ రకం ఇన్సులేషన్) కేబుల్‌కి 0.91తో గుణించాలి. మూడు సర్క్యూట్లు కట్టగా పోతుంటే 0.70తో మళ్లీ గుణించాలి. 200 కాస్తా 127కి దిగింది. దానికి 160 ఆంప్స్ బ్రేకర్ పెడితే, 150 ఆంప్స్ గంటలకొద్దీ పారినా బ్రేకర్ కదలదు. వేడికి ఇన్సులేషన్ మాత్రం పెళుసెక్కిపోతుంది. లోడ్ కంటే బ్రేకర్ తక్కువ ఉండకూడదు, ఇలా తగ్గించాక మిగిలే కేబుల్ ఆంప్స్ బ్రేకర్ కంటే తక్కువ ఉండకూడదు. అమ్మేవాణ్ని అడగాల్సింది ఆ మిగిలిన అంకె.

"పైన ఫ్యూజు ఉందిగా" అనే మాట ఇంకా ప్రమాదం. హెచ్‌టీ వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎక్కువ వోల్టేజీ వచ్చే వైపు, ఫ్యూజు ట్రాన్స్‌ఫార్మర్ కోసం, మీ కేబుల్ ఓవర్‌లోడ్ దానికి కనిపించదు. 4 శాతం ఇంపీడెన్స్ (షార్ట్ కరెంటును అడ్డుకునే లోపలి నిరోధం) ఉన్న 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినళ్ల దగ్గర షార్ట్ అయితే దాదాపు 18,000 ఆంప్స్ వస్తాయి. 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్ ఒక సెకను తట్టుకునేది 1,500 ఆంప్సే. 18,000 దగ్గర తట్టుకునేది 7 మిల్లీసెకన్లే. 50 హెర్ట్జ్‌లో అర సైకిల్ కూడా కాదది. లోడ్ చిన్నదని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌కి సన్న కేబుల్ తగిలించవద్దనేది అందుకే. మెయిన్ బ్రేకర్‌ని కేబుల్ భవనంలోకి దిగే చోటికి వీలైనంత దగ్గరగా పెట్టించండి.

ఇక అసలు మోసం. తొడుగు మీద 95 (చదరపు మిల్లీమీటర్లు) అని ఉంటుంది, లోపల తీగలు సన్నం. క్యాలిపర్స్‌తో కొలిచి గొడవపడకండి, ఎందుకంటే ప్రమాణం సైజును వైశాల్యంతో కాక రెసిస్టెన్స్‌తో కడుతుంది. కేబుల్ తీగల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60228 ప్రకారం 95 అల్యూమినియం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 0.320 ఓమ్ దాటకూడదు. దీన్ని 88 చదరపు మిల్లీమీటర్ల మంచి లోహం కూడా అందుకుంటుంది. 70కి హద్దు 0.443, 50కి 0.641. వంద మీటర్ల 95 డ్రమ్ము ఒక కోర్ 0.032 ఓమ్ లోపు రావాలి, 35 డిగ్రీల్లో కొలిస్తే 0.034. మామూలు మల్టీమీటర్‌కి ఇది అందదు, నాలుగు తీగల మైక్రో ఓమ్ మీటర్ కావాలి.

మీటరు లేకపోతే తూకం. 95 అల్యూమినియం ఒక్క కోర్ మీటరు ముక్క ఇన్సులేషన్ ఒలిచి తూస్తే 240 గ్రాముల దగ్గర ఉండాలి. 200 తూగితే వదిలేయండి. బరువు సరిపోయిందని మురిసిపోకండి కూడా: కరిగించి పోసిన కల్తీ అల్యూమినియం తూకంలో దొరకదు, ఓమ్ మీటర్‌లోనే దొరుకుతుంది. రాగి అని అమ్మితే ఒక పోగును బ్లేడుతో గట్టిగా గీకండి. ఎర్రటి పొర కింద తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం.

కేబుల్ 90 డిగ్రీలది కదా అని ఆంప్స్ పట్టికలో 90 డిగ్రీల కాలమ్ అంకె తీసుకోవద్దు. బ్రేకర్ టెర్మినల్ అంత వేడికి చేసింది కాకపోవచ్చు. అమెరికా కోడ్ ఎన్‌ఈసీ 110.14లో 100 ఆంప్స్ దాటిన సర్క్యూట్లకు మామూలుగా చూసేది 75 డిగ్రీల కాలమే. అల్యూమినియం కేబుల్‌ని రాగి బస్‌బార్‌కి కలిపేచోట బైమెటల్ లగ్గు (ఒక వైపు అల్యూమినియం, ఇంకో వైపు రాగి ఉన్న కొన) తప్పదు. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు ఎక్కువుంటే మూడున్నర కోర్ (న్యూట్రల్ తీగ సన్నగా ఉండేది) వద్దు, వాటివల్ల పుట్టే థర్డ్ హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ కరెంటు) మూడు ఫేజులదీ న్యూట్రల్‌లోనే పోగవుతుంది. పూర్తి నాలుగు కోర్ తీసుకోండి.

కొలతలన్నీ డ్రమ్ము కోయకముందే చేయించండి. కిలోమీటరుకు ఎన్ని ఓమ్‌లో, తేడా వస్తే వాపసు అనీ బిల్లు మీద రాయించుకోండి. కోసిన డ్రమ్ము ఎవరూ వెనక్కి తీసుకోరు.