కొడవలి గాటుకు ఏది మేలు: గడ్డి చామంతి, పసుపు, ట్యూబు మందు?

వరి కోతలకు మిషన్లు వచ్చాక నల్లగొండ ఆయకట్టులో కొడవలి గాట్లు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. బర్రెలకు గడ్డి కోసేటప్పుడో, పొలం ఒడ్లు చెక్కేటప్పుడో వేలు తెగుతూనే ఉంటుంది. అప్పుడు గుర్తొచ్చేవి మూడు: ఒడ్డు మీది గడ్డి చామంతి, వంటింట్లో పసుపు, మెడికల్ షాపు ట్యూబు.

రక్తం ఆపే పనిలో గడ్డి చామంతిదే పైచేయి. నాలుగాకులు నలిపి పసరు పిండి, ఆ పిప్పినే గాయం మీద అదిమిపెడితే రక్తం కట్టుకుంటుంది. ఎలుకల మీద చేసిన పరీక్షల్లోనూ ఈ పసరుతో గాయాలు త్వరగా మానాయి. అయితే సగం పని ఆ అదమడమే చేస్తుందేమో అని నా అనుమానం. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టినా చిన్న గాటు రక్తం ఆగుతుంది. పైగా ఒడ్డు మీది ఆకుకు మట్టి, పేడ, పత్తికి కొట్టిన పురుగుమందు అంటి ఉంటాయి. కొందరు నోట్లో నమిలి మరీ పెడతారు. అది అసలే వద్దు.

పసుపుకు క్రిములను కొంత అణిచే గుణం ఉంది, కాదనను. చిక్కల్లా మనం వాడే తీరుతోనే. కడగకుండా పొడి కూరేస్తాం. అది రక్తంతో కలిసి అట్టకట్టి, కింద మట్టిని అలాగే ఉంచేస్తుంది. కుట్లు వేయాల్సి వస్తే డాక్టరు ముందు దాన్నంతా కడిగి తీయాలి. ప్యాకెట్ పసుపులో రంగు కలిసిందో లేదో మనకు తెలియదు.

పోవిడోన్ అయోడిన్ ట్యూబు రక్తం ఆపదు, క్రిముల పని చూస్తుంది. అదీ గాయం కడిగాకే. అందుకే నా లెక్కలో ముందు బోరు నీళ్లు, సబ్బు, తర్వాత నొక్కి పట్టడం, ఆపైన ట్యూబు. ఊరికి దూరంగా చెల్కలో ఉంటే, కడిగిన ఆకుతో గడ్డి చామంతి రెండో స్థానం. పసుపును కూరలోకే ఉంచుతాను.

సర్కారు తుమ్మ ముల్లు లోతుగా దిగితే ఈ పోటీయే వర్తించదు. ధనుర్వాతం తెచ్చే క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది, గాలి తగలని లోతైన గాయంలో పెరుగుతుంది. పైన రాసిన ఏ పసరూ అక్కడిదాకా చేరదు. ముల్లు తీయడానికి జిల్లేడు పాలు పోసేవాళ్లున్నారు. ఆ చెయ్యి పొరపాటున కంటికి తగిలితే చూపుకే ముప్పు. చివరి టీటీ సూది వేయించుకుని ఐదేళ్లు దాటితే ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. ఇప్పుడు టీటీ బదులు టీడీ (ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకూ వేసే సూది) ఇస్తున్నారు, డబ్బులేమీ అడగరు. షుగర్ ఉన్నవాళ్ల కాలికి ముల్లు దిగితే నొప్పి లేకపోయినా అదే రోజు దవాఖానలో చూపించాలి.