స్టార్ వార్స్ పాత మూడు సినిమాలు: ముందు కాల్చింది హాన్ సోలోయే

కథ గురించి, ఎవరు ఎవరికి తండ్రి అన్న దాని గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా ఉండదు. డిస్నీ చేతికి వెళ్ళాక వచ్చిన సినిమాల పంచాయితీ కూడా వద్దు, అది తెగేది కాదు. ఈ సమీక్ష 1977, 1980, 1983 సినిమాలను ఇంట్లో చూసుకోడానికి అమ్మిన డిస్కుల గురించి. ఏళ్ళ తరబడి వీటిని కొని, పక్కపక్కన పెట్టి చూశాక మిగిలిన మాట ఒకటే. సినిమా మీద ప్రేమ ఇసుమంత కూడా తగ్గలేదు. ఆ ప్రేమ పుట్టించిన సినిమాను మాత్రం మంచి నాణ్యతలో ఇంతవరకు ఎవరూ అమ్మలేదు.

బాధ ఏమిటో తెలియాలంటే ఒక్క సీను చాలు. మోస్ ఐస్లీ బారులో దొంగ సరుకు మోసే ఓడ నడిపే హాన్ సోలో, అతణ్ణి పట్టుకోడానికి వచ్చిన గ్రీడో ఎదురెదురుగా కూర్చుని ఉంటారు. 1977 ప్రింటులో హాన్ ఒక చేత్తో గోడను గీకుతూ, రెండో చెయ్యి బల్ల కిందకు దించి నెమ్మదిగా తుపాకీ తీస్తాడు. ఒక్కటే పేలుడు, పొగ, గ్రీడో బల్ల మీద వాలిపోతాడు. హాన్ లేచి, బారు యజమానికి ఒక నాణెం విసిరి వెళ్ళిపోతాడు. సృష్టికర్త జార్జ్ లూకస్ మార్పులు చేసి మళ్ళీ విడుదల చేసిన 1997 స్పెషల్ ఎడిషన్‌లో ముందు గ్రీడో కాలుస్తాడు. బల్లకు అటూ ఇటూ ఉన్న దూరంలో గురి తప్పుతాడు. హాన్ తప్పించుకున్నట్టు చూపడానికి అతని తలను కంప్యూటర్లో పక్కకు జరిపారు. భుజాలు కదలకుండా తల ఒక్కటే జరగడం కంటికి తెలిసిపోతుంది. 2004 డీవీడీలో ఇద్దరూ దాదాపు ఒకేసారి కాలుస్తారు. 2011 బ్లూరేలో ఆ మధ్య ఉన్న వ్యవధిని ఇంకాస్త కోశారు. 2019లో డిస్నీ ప్లస్‌కు వచ్చేసరికి కాల్చే ముందు గ్రీడో నోట "మక్లంకీ" అనే మాట చేరింది. ఒకే సీనుకు ఇప్పటికి ఐదు రూపాలు.

దీన్ని చాదస్తం అనుకునేవాళ్ళకు ఒక్క మాట. హాన్ ఎలాంటివాడో సినిమా చెప్పేది ఆ సీనులోనే. ఎదుటివాడు కాల్చేదాకా ఆగని మనిషి, డబ్బు కోసం తప్ప వేలు కదపని మనిషి, చివర్లో శత్రువుల మహా స్థావరం డెత్ స్టార్ కందకం మీదకు సూర్యుణ్ణి వెనకేసుకుని దూసుకొస్తాడు. ఆ రాక అంత సంతోషాన్నివ్వడానికి పునాది బారులోని ఆ దెబ్బ. ప్రాణరక్షణ కోసమే కాల్చాడని మార్చేస్తే అతను మొదటి నుంచీ మంచివాడే అవుతాడు. ఇక మారడానికి ఏం మిగిలింది?

1997 పని అంతా చెడ్డదని కాదు. అప్పటికి నెగటివ్ రంగులు వెలిసి, దుమ్ము పట్టి ఉంది. దాన్ని శుభ్రం చేశారు. శత్రువుల చిన్న యుద్ధనౌకలైన టై ఫైటర్ల చుట్టూ కనిపించే ముదురు చదరాలు పోయాయి. ఆప్టికల్ ప్రింటర్ మీద ఒక బొమ్మను ఇంకో బొమ్మలో కలిపేటప్పుడు మాస్కులు వేసిన చోట నలుపులో వచ్చే తేడా అది. థియేటర్ ప్రింటులో అంతగా కనపడదు, వీడియోకు ఎక్కించేటప్పుడు వెలుతురు పెంచితే బయటపడుతుంది. 1980 సినిమాలో హోత్ మంచు యుద్ధం సంగతి ఇంకోటి. తెల్లటి మంచు మీద నల్ల అంచులు కొట్టొచ్చినట్టు ఉంటాయని మాస్కు పలచగా వేశారు, దాంతో మంచు మీద ఎగిరే స్నోస్పీడర్ చట్రం లోంచి అవతలి మంచు కనిపించేది. అదీ సరిచేశారు. బెస్పిన్ నగరం గదులకు కిటికీలు, యావిన్ స్థావరంలో కథానాయకుడు లూక్‌ను పాత స్నేహితుడు బిగ్స్ కలిసే సీను కూడా బాగున్నాయి.

అలాగని ఈ మెచ్చుకోలును అక్కడితో వదిలేయడానికి లేదు. అదే ఎడిషన్‌లో, హాన్ బాకీ పడ్డ ముఠా నాయకుడు జబ్బా సీను తెచ్చి పెట్టారు. గ్రీడో చెప్పిన బాకీ సంగతే జబ్బా మళ్ళీ చెబుతాడు, వెంట వెంటనే రెండుసార్లు. అసలు షూటింగులో జబ్బాగా నిలబడింది ఒక నటుడు, హాన్ అతని వెనక నుంచి నడుస్తాడు. ఆ చోట ఇప్పుడు తోక ఉంది కాబట్టి హాన్ దాని మీద కాలు వేసినట్టు బొమ్మను పైకి లేపారు. 1983 సినిమాలో జబ్బా కొలువులోని పాట తీసేసి పొడుగాటి కొత్త పాట పెట్టారు. అడవి జీవులైన ఈవాక్‌ల ముగింపు పాట పోయి జాన్ విలియమ్స్ కొత్త సంగీతం వచ్చింది. ఈ చివరి మార్పు మాత్రం చాలామందికి నచ్చింది, అందులో అన్యాయం లేదు.

2004 డీవీడీ గురించి క్లుప్తంగా: బొమ్మ శుభ్రం, రంగులు పాడు. నీడలన్నీ గడ్డకట్టిన నలుపు. హాన్ ఓడ ఫాల్కన్‌లో సాధన చేసే లూక్ నీలి కత్తి ఆకుపచ్చగా కనిపిస్తుంది. మొదటి సినిమాలో వెనక స్పీకర్లకు వెళ్ళే సంగీతం ఎడమ కుడి తారుమారైంది. వైర్లు మార్చి బిగించినా లాభం లేదు, ఎందుకంటే తిరగబడింది సంగీతం ఒక్కటే, మిగతా శబ్దాలు సరైన వైపే ఉన్నాయి. ఇక 1983 సినిమా చివర్లో, నల్ల ముసుగు విలన్ వేడర్ ఆత్మగా కనిపించే నటుడు సెబాస్టియన్ షా స్థానంలో కుర్ర హేడెన్ క్రిస్టెన్‌సన్ వచ్చాడు. ముసుగు తీసినప్పుడు షా ముఖమే, చనిపోయాక ఇంకొకరి ముఖం. పక్కన అతని గురువు ఓబీ-వాన్ ఆత్మ మాత్రం ముసలివాడిగానే ఉంటాడు.

ఎక్కువ చెప్పాల్సింది 2006 సెట్ గురించి. థియేటర్ వెర్షన్లు అదనపు డిస్కులుగా ఇస్తున్నారంటే ఎంత ఆశ! అట్ట తెరిచి చూస్తే, 1993 లేజర్‌డిస్కుల కోసం చేసిన మాస్టర్‌నే యథాతథంగా ఎక్కించారు. అది అనమార్ఫిక్ కాదు. అంటే 4:3 చట్రంలో పైనా కిందా నల్లపట్టీలు కూడా బొమ్మలో భాగమే. డీవీడీకి ఉన్న 480 గీతల్లో సినిమాకు దక్కేవి 270 పైచిలుకు. అనమార్ఫిక్ చేసి ఉంటే 360 దాకా వచ్చేవి. వెడల్పు టీవీలో పెడితే నాలుగు వైపులా నలుపు, మధ్యలో పోస్టుకార్డంత సినిమా. ప్లేయర్ 1080కి పెంచి పంపిస్తే చాలా టీవీలు జూమ్ మీట పనిచేయనివ్వవు. అందుకని ప్లేయర్‌ను 480పి అవుట్‌పుట్‌లో పెట్టి, టీవీ వైపు జూమ్ చెయ్యాలి. అప్పుడు తెర నిండుతుంది, కానీ ఒక్కో గీత మూడింతలు సాగుతుంది. దానికి తోడు 1993లో ఫిల్ములో కనిపించే గింజలు పోగొట్టడానికి వాడిన నాయిస్ రిడక్షన్ కదిలే వస్తువును కూడా మురికిగానే లెక్కేసింది, దాంతో కదలిక వెనక చారలు మిగిలాయి. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే కోడు కూడా ఒకటుంది: అమెరికా డిస్కు రీజియన్ 1, మన దేశానిది రీజియన్ 5. ఆల్-రీజియన్ ప్లేయర్ లేకపోతే అది తెరుచుకోనే తెరుచుకోదు. ఇన్ని తిప్పలు పడ్డాక కూడా, సినిమా మొదట్లో కథ చెప్పే పసుపు అక్షరాలు "ఎపిసోడ్ 4" అన్న మాట లేకుండా పైకి వెళుతుంటే కలిగే ఆనందం వేరు. ఆ మాట 1981 మళ్ళీ-విడుదలలో చేరింది, 1977లో లేదు.

2011 బ్లూరే 2004 మాస్టర్ మీదే కట్టింది. అందులో ఘోరం ఒక్కటి చెబితే చాలు. చక్రవర్తి మెరుపులతో లూక్‌ను చంపుతుంటే వేడర్ అటూ ఇటూ చూసే ఘట్టం. ముసుగు వెనక ఏం జరుగుతోందో సంగీతం చెబుతుంది, ప్రేక్షకుడు ఊపిరి బిగబట్టి చూస్తాడు. అక్కడ "నో" అని అరిపించారు.

2020లో వచ్చిన 4కె డిస్కు నిజంగా ఆశ్చర్యపరిచింది. చర్మం రంగు చర్మంలా ఉంది, కత్తుల రంగులు దారిలో పడ్డాయి, ఎడారి గ్రహం టాటూయిన్ ఇసుకలో గులాబీ ఛాయ పోయింది. 4కె డిస్కులకు రీజియన్ గొడవ కూడా లేదు. ఇంత మంచి బొమ్మలో ఇంతకుముందు చూడలేదని ఒప్పుకోవాలి. మక్లంకీ, జబ్బా, ఆ అరుపు అన్నీ అంతే స్పష్టంగా ఉన్నాయి మరి.

ఇక "అసలు వెర్షన్" అని గట్టిగా పట్టుబట్టే మాలాంటివాళ్ళు ఒప్పుకోవాల్సినది ఒకటుంది: అసలు అన్నది ఒక్కటి కాదు. 1977 సినిమాకు 70 ఎంఎం ఆరు ట్రాకుల మిక్స్, 35 ఎంఎం డాల్బీ స్టీరియో, మోనో అని మూడు ధ్వనులు ఉన్నాయి. మోనోలో లూక్ అత్తయ్య బెరు గొంతు వేరు. తలుపులు మూయమని అరిచే చక్రవర్తి సైనికుడి (స్టార్మ్‌ట్రూపర్) మాట మోనోలో ఉంది, స్టీరియోలో లేదు. 1980 సినిమా 70 ఎంఎం ప్రింట్లు బయటికి వెళ్ళాక, 35 ఎంఎం కోసం చివర్లో కొన్ని షాట్లు కలిపారు. దర్శకుడు సినిమాను మార్చకూడదని ఎవరూ అనడం లేదు. మార్చినదాన్ని అమ్ముతూ పాతదాన్ని దాచెయ్యడమే తప్పు. మన మాయాబజార్‌కు 2010లో రంగులద్దారు, నచ్చినవాళ్ళు చూశారు. 1957 నాటి నలుపు-తెలుపు సినిమా కావాలంటే ఇప్పటికీ చూడొచ్చు. అడుగుతున్నది అంతే. 1988లో అమెరికన్ కాంగ్రెస్ ముందు, పాత సినిమాలకు రంగులద్ది మార్చేయడం సంస్కృతికి ద్రోహమని వాదించిన వాళ్ళలో జార్జ్ లూకస్ కూడా ఉన్నాడు. అందుకే అభిమానులకు ఇది ఇంకాస్త ఎక్కువ నొప్పి.

కొనాలా? ఇంట్లో పిల్లలకు మొదటిసారి చూపించాలంటే, 4కె టీవీ ఉంటే, 2020 డిస్కే. బారు సీను దగ్గర ఆపి, ముందు ఎవరు కాల్చారో చెప్పడం మరిచిపోవద్దు. పాత ట్యూబ్ టీవీ ఇంకా పనిచేస్తూ ఉంటే 2006 సెట్ దాని మీద బాగానే ఉంటుంది. ప్రొజెక్టర్ మీద మాత్రం వద్దు. 2004 సెట్ ఎవరైనా ఊరికే ఇచ్చినా, అందులోని మేకింగ్ డాక్యుమెంటరీ కోసమే తీసుకోవాలి.

2025 జూన్‌లో లండన్‌లోని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (బీఎఫ్‌ఐ)లో 1977 నాటి టెక్నికలర్ ప్రింటును తెర మీద వేశారు. ఇలా రంగులు ఒక్కొక్కటిగా అద్ది చేసే డై-ట్రాన్స్‌ఫర్ ప్రింట్లు మామూలు ఈస్ట్‌మన్ ప్రింట్లలా గులాబీగా వెలిసిపోవు కాబట్టి రంగులు ఇంకా నిలిచి ఉన్నాయి. 50 ఏళ్ళ సందర్భంగా 2027 ఫిబ్రవరిలో 1977 థియేటర్ రూపాన్నే పునరుద్ధరించి విడుదల చేస్తామని లూకస్‌ఫిల్మ్ ప్రకటించింది. అది మన ఊళ్ళకు వస్తే, టికెట్ కొన్నవాళ్ళు మొదటి నిమిషంలో పసుపు అక్షరాల పైన "ఎపిసోడ్ 4" ఉందో లేదో చూడండి. లేకపోతే బారు సీను దాకా నిశ్చింతగా కూర్చోవచ్చు.