మెదడు జబ్బా, బతుకు దెబ్బా?

మానసిక జబ్బులు మెదడులో పుట్టేవా, బతుకు కష్టాల వల్ల వచ్చేవా అన్న వాదన ఒకటుంది. టంగుటూరు వైపు పొగాకు రైతు ఒకరు, వేలంలో ధర పడిపోయాక నిద్రకు దూరమై కుంగిపోయాడనుకోండి. మెదడు జబ్బనేవాళ్లు మాత్ర రాస్తారు, బతుకు దెబ్బనేవాళ్లు అప్పెంతని అడుగుతారు. ఇక్కడ నా మొగ్గు రెండోవాళ్ల వైపే. కుంగుబాటును తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ ఇంతవరకూ లేదు మరి. (థైరాయిడ్ తగ్గినా ఇలాగే ఉంటుంది, అది ముందు చూపించుకోవాలి.) అయితే ధర ఊరందరికీ పడింది, మంచం పట్టింది కొందరేగా? అక్కడ వంశపారంపర్యం కూడా లెక్కలోకి వస్తుంది.

బైపోలార్ (కొన్నాళ్లు ఉన్మాదం, కొన్నాళ్లు కుంగుబాటు వచ్చే జబ్బు) దగ్గర మాత్రం మొదటివాళ్లదే పైచేయి. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని రాశాడు, నేటికీ అది ముఖ్యమైన మందే. ఇలాంటి జబ్బులకు మొక్కుకునే ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్తే తీసుకెళ్లండి, మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఎవరినడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు.