ఒంటరి ట్రెక్‌కి అద్దె కెమెరా: బాడీకి ఢోకా లేదు, తిరకాసంతా ట్రైపాడ్ దగ్గరే

బెంగళూరులో కెమెరాలు అద్దెకిచ్చే షాపులకి కొదవ లేదు. చాలావాటికి పెళ్లి ఫొటోగ్రాఫర్లే ప్రధాన గిరాకీ. పెళ్లిలో బ్యాటరీ అయిపోతే పక్కనున్న అసిస్టెంట్ ఇంకోటి అందిస్తాడు. కొండ మీద ఒక్కడే ఉన్నవాడికి అందించేదెవరు? కాబట్టి ఇక్కడ చెప్పబోయే షాపుని ఆ లెక్కలోనే చూడాలి. కుమార పర్వతానికో, కుద్రేముఖ్‌కో ఒంటరిగా వెళ్లేవాళ్లకి ఇక్కడిచ్చే కిట్ బాడీ (లెన్స్ లేని కెమెరా), లెన్సుల వరకూ నిక్షేపంగా ఉంటుంది. మిగతా సామాను మాత్రం ఒక్కొక్కటీ చూసి తీసుకోవాల్సిందే.

శుక్రవారం సాయంత్రం తీసుకుని సోమవారం పొద్దున 11 లోపు తిరిగిస్తే రెండు రోజుల అద్దె పడుతుంది. ఆధార్ జిరాక్స్, ఆఫీసు ఐడీ, డిపాజిట్ అడుగుతారు. ఒరిజినల్ కార్డు ఉంచుకోరు, అది మంచి పద్ధతి. కౌంటర్లో కుర్రాడిది హిందూపురం వైపు. తెలుగులో అడిగితే ఓపిగ్గా చెప్తాడు. కానీ ఏ లెన్స్ తీసుకోవాలో మాత్రం అతన్ని అడగొద్దు. అడిగితే సోనీ ఖరీదైన జూమ్ లెన్సులైన 24-70, 70-200 మి.మీ. జీ మాస్టర్‌లు రెండూ తెచ్చి ముందు పెడతాడు. వాటి అద్దె ఎక్కువ మరి. పాత వెర్షన్లయితే ఒకటి 886 గ్రాములు, ఇంకోటి 1,480. సోనీ కెమెరా ఏ7 త్రీ బాడీ 650 కలిపితే మూడు కిలోలు దాటుతుంది. దాని బదులు ట్యామ్రాన్ 28-200 అడగండి. లెన్స్ 575 గ్రాములే, బాడీతో కలిపి కిలోంబావుకి కాస్త తక్కువ. మిగిలిన బరువులో దాదాపు రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లొచ్చు. 1,712 మీటర్ల కుమార పర్వతం ఎక్కేవాళ్లకి లెన్స్ కన్నా నీళ్లతోనే ఎక్కువ పని.

ట్యామ్రాన్‌కి ఒక లోటుంది. 28 దగ్గర ఎఫ్/2.8 ఉన్నా, 200కి వచ్చేసరికి 5.6 అయిపోతుంది, ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది. లెన్స్‌లో చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ లేదు, బాడీలో ఉన్నదే దిక్కు. తెల్లవారక ముందు దూరపు కొండల వరసలు తీయాలంటే ట్రైపాడ్ తప్పదు. అసలు గొడవంతా ఆ ట్రైపాడ్‌తోనే.

ఇక్కడిచ్చే ట్రైపాడ్‌లు నాలుగు మడతల అల్యూమినియంవి. తిప్పి బిగించే లాకుల్లో పాత ట్రిప్పుల ఇసుక అలాగే ఉంటుంది, తిప్పితే కరకరమంటుంది. కాళ్లన్నీ పూర్తిగా లాగి, లాకులు బిగించి, పైనుంచి అరచేత్తో గట్టిగా నొక్కండి. ఏ కాలైనా మెల్లగా కిందికి దిగితే అది వద్దు, ఇంకోటి ఇమ్మనండి. తర్వాత కెమెరా అడుక్కి బిగించే ప్లేట్ ఉందో లేదో చూడండి. చాలాసార్లు అది అంతకుముందు తీసుకెళ్లినవాళ్ల కెమెరాకే ఉండిపోయుంటుంది. ఆ ప్లేట్ లేకపోతే శిఖరం మీద మీ చేతిలో మిగిలేది చేతికర్ర. ప్లేట్ ఉన్నా దాని స్క్రూ బిగించడానికి నాణెం పనికొస్తుందా, ఆలెన్ కీ కావాలా అన్నది అక్కడే తేల్చుకోండి. కీ కావాల్సిందే అయితే అది కూడా అడిగి బ్యాగులో వేసుకోండి. గాలి వీస్తున్నప్పుడు మధ్య కడ్డీ పైకి లేపొద్దు. కింద కొక్కేనికి బ్యాగు తగిలించేటప్పుడు దాని అడుగు నేలకి ఆనేలా చూడండి. గాల్లో వేలాడితే బ్యాగు ఊగుతుంది, దాంతో కెమెరా కూడా ఊగుతుంది.

బ్యాటరీలు రెండిస్తారు. ఒకటి సోనీది, రెండోది చూడ్డానికి అలాంటిదే, కానీ ఏ కంపెనీదో ఎవరికీ తెలియదు. ఆ రెండోదాన్ని మార్చమంటే గొణుక్కుంటూనే మారుస్తారు, అడగడం మీ వంతు. చలికి బ్యాటరీ లోపల రసాయన చర్య మందగిస్తుంది, వోల్టేజీ పడిపోతుంది. 40 శాతం చూపిస్తూనే కెమెరా ఆగిపోయేది అందుకే. అయిపోయిందనుకుని పారేసుకోకుండా, ఒంటికి ఆనే జేబులో కాసేపు ఉంచితే మళ్లీ పనిచేస్తుంది. మన పడమటి కనుమలకి రెండు చాలు. డార్జిలింగ్ వైపు 3,636 మీటర్ల సందక్‌ఫూ లాంటి చోట్లకి నాలుగు పెట్టుకోండి. విమానంలో విడి బ్యాటరీలు, పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి, చెకిన్ లగేజీలో కుదరదు. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీ 16.4 వాట్ అవర్‌లే, అనుమతి అక్కర్లేని 100 హద్దుకి చాలా కింద ఉంటుంది.

లెన్సుల విషయంలో షాపుని మెచ్చుకోవాలి. డ్రై క్యాబినెట్‌లో ఉంచుతారు, తేమ మీటరు 45 శాతం దగ్గర ఉంటుంది. బెంగళూరు వానాకాలంలో బ్యాగులో మూసిపెట్టిన లెన్సుకి ఫంగస్ పట్టడం మామూలే. ఇక్కడ అలాంటిది కనబడలేదు. అయినా ఫోన్ టార్చి వెనకవైపు నుంచి వేసి చూడండి. ధూళి చుక్కలుంటే పరవాలేదు, సాలెగూడులా దారాలు కనిపిస్తే వద్దనండి. సెన్సర్ మీద దుమ్ముందో లేదో చూడ్డానికి ఎఫ్/16, ఐఎస్‌ఓ 100 పెట్టి, ఫోకస్ తప్పించి తెల్ల గోడని తీసి, తెర మీద పెద్దది చేసి చూడాలి. ఎఫ్/2.8లో కనిపించని మచ్చలు ఇక్కడ నల్లగా బయటపడతాయి. కొండ మీద ఎఫ్/11లో ఆకాశం తీస్తే వచ్చేవి కూడా ఇవే.

ఒంటరిగా వెళ్లేవాళ్లు ఇంకోటి చూడాలి. కెమెరా మెనూలో సాఫ్ట్‌వేర్ వెర్షన్ దగ్గర 3.00 గానీ అంతకన్నా పైది గానీ ఉందా? 2019 ఏప్రిల్‌లో వచ్చిన ఆ అప్‌డేట్‌తోనే ఏ7 త్రీకి ఇంటర్వెల్ షూటింగ్ వచ్చింది. మూడు సెకన్లకొకటి తీయమని పెట్టి, మీరు దారిలో నడుస్తూ ఫ్రేములోకి వెళ్తే, యాభై ఫొటోల్లో రెండు మూడు పనికొస్తాయి. ముందే ఒక రాయి మీద ఫోకస్ పెట్టి మాన్యువల్‌కి మార్చండి, లేకపోతే కెమెరా మబ్బుల్లో వెతుక్కుంటూ ఉంటుంది. పది సెకన్ల టైమర్‌లో ఒకేసారి మూడు గానీ అయిదు గానీ తీసే సౌకర్యం కూడా ఉంది, కానీ రాళ్ల మీద పది సెకన్లలో పరుగు పెట్టి కాలు మడతపడితే లేపేవాళ్లు ఉండరు.

రద్దు నియమం ఒంటరి ట్రెక్కర్లకి అనుకూలంగా లేదు. 24 గంటల ముందు చెప్పకపోతే ఒక రోజు అద్దె పోతుంది. వానలకో, కార్చిచ్చు భయానికో అటవీశాఖ దారులు మూసేయడం కొత్తేమీ కాదు. అందుకని ట్రెక్ పర్మిట్ ఆన్‌లైన్‌లో చేతికొచ్చాకే కెమెరా బుక్ చేయండి.

మొత్తానికి అయిదుకి మూడున్నర. ఆ ఒకటిన్నర పోయింది ట్రైపాడ్‌కీ రెండో బ్యాటరీకీ. సోమవారం 11 దాటితే ఇంకో రోజు అద్దె వేస్తారు కాబట్టి, ఆదివారం రాత్రి బస్సెక్కినవాళ్లు ఇంటికి పోయి స్నానం చేసొద్దామని అనుకోకుండా దిగిన చోటి నుంచే షాపుకెళ్లడం మేలు. కెమెరా తిరిగిచ్చేముందు మీ మెమరీ కార్డులు తీసుకోండి. ఏ7 త్రీకి స్లాట్‌లు రెండు, బ్యాకప్ కార్డు రెండోదాంట్లో ఉంటుంది.