రాజమండ్రి పాత పేటల్లో కాపురం: ఏళ్ల తరబడి ఉన్నాక చెప్పే మాట

కోటగుమ్మం వెనక సందులు, వంకాయలవారి వీధి, ఇన్నీసుపేట... మెయిన్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఈ పాత పేటల్లో ఇల్లు అద్దెకు చూస్తున్నవాళ్లకీ, కొందామనుకునేవాళ్లకీ ఈ సమీక్ష. నడిచి పనులు చక్కబెట్టుకోవాలనుకునేవాళ్లకి ఊళ్లో ఇంతకంటే మంచి చోటు లేదు. కాకపోతే ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు గదులు లెక్కపెడతారు, వాస్తు అడుగుతారు, వెళ్లిపోతారు. అడగాల్సినవి వేరే ఉన్నాయి: మురుగు ఎటు పోతోంది, గోడ దేనితో కట్టారు. ఇక్కడ సుఖమైనా కష్టమైనా ఈ రెండిటి మీదే ఉంటుంది.

ముందు నీళ్ల సంగతి. కొత్తగా వచ్చేవాళ్లంతా గోదావరి గట్టు దాటి ఇంట్లోకి వస్తుందేమోనని భయపడతారు. ఇక్కడ ఏటా పెట్టే ఇబ్బంది అది కాదు. ఊరి వాన నీళ్లూ మురుగూ ఏట్లోకి దిగే చోట తూములుంటాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏరు అంత ఎత్తున ఉన్నప్పుడు తూములు తెరిచి ఉంచితే ఏటి నీళ్లే ఊళ్లోకి ఎదురొస్తాయి కాబట్టి మూసేస్తారు. సరిగ్గా అప్పుడే ఊళ్లో కుంభవృష్టి పడితే ఆ నీళ్లకి దారుండదు, మోటార్లతో తోడాల్సిందే. హెచ్చరిక నంబరు ఒక్కటే చూసి ఊరుకోకండి. హెచ్చరిక ఉండి, దానికి తోడు ఊళ్లో వాన కూడా ఉంటేనే మనకు కష్టం.

పల్లపు ఇంట్లో ఇది మొట్టమొదట తెలిసేది బాత్రూం జాలీ దగ్గర. గుడగుడమని చప్పుడు, తర్వాత నల్లనీళ్లు. మందు ఏమిటంటే, ఇంటి గొట్టం వీధి డ్రెయినులో కలిసే ముందు ఆఖరి ఛాంబర్లో నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీళ్లని బయటికే పోనిచ్చి వెనక్కి రానివ్వని రెక్క మూత. నాలుగంగుళాల గొట్టానికి సరిపోయేది, మూత విప్పి శుభ్రం చేయడానికి వీలున్నది పెట్టించుకోండి. తొలకరికి ముందు దాని రెక్క కడగాలి. వెంట్రుకలూ సబ్బు జిడ్డూ పట్టి రెక్క సగం తెరుచుకుని ఉండిపోతే వాల్వు ఉండీ లేనట్టే. చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది: వాల్వు మూసుకున్నంతసేపూ మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు. వాషింగ్ మెషీన్, స్నానాలు ఆపకపోతే మీ మురుగే మీ ఇంట్లో పైకి లేస్తుంది. వాల్వు లేని అద్దె ఇల్లయితే జాలీ మీద తడిగుడ్డ మడతలేసి, దాని మీద ఇసుక మూట పెట్టండి. కాసేపు ఆగుతుంది.

ఇల్లు మునిగే రకమో కాదో యజమానిని అడిగితే తేలదు. గుమ్మాల కాళ్లు చూడండి, అడుగున జానెడు మేర కొత్త చెక్క అతికించారా? గదిలో ఒక ఎత్తు వరకే కొత్త రంగు ఉందా? వీధి చివర కిరాణా కొట్లో బియ్యం బస్తాలు ఎంత ఎత్తు బల్లల మీద పెట్టారో చూడండి. ఆ కొట్టాయన సరుకు పోగొట్టుకుని తెలుసుకున్న ఎత్తు అది.

ఇక గోడలు. ఈ పేటల్లో పాత ఇళ్లకి ఇటుక, గానుగ సున్నం. గోడ మందం అడుగున్నర, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. కప్పు పన్నెండు పదమూడు అడుగుల ఎత్తు. పునాదిలో చెమ్మ ఆపే పొర ఏదీ ఉండదు. నేలలో తడి గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూత గుండా గాలికి ఆరిపోతుంది. వంద ఏళ్లు ఇలాగే నడిచింది. ఇప్పుడు చేస్తున్న తప్పు ఏమిటంటే, అడుగున పూత రాలిందని సిమెంటు పూయడం, దాని మీద పుట్టీ, పైన ప్లాస్టిక్ పెయింటు. తడికి బయటికి దారి పోయి సిమెంటు ఎంతవరకు పూశారో దానికి పైన తేలుతుంది. నిరుడు మోకాలెత్తున ఉన్న చెమ్మ ఈ ఏడు నడుము దాకా వస్తుంది. ఉప్పు తెల్లగా పొంగుతుంది, పెయింటు బుడగలు కట్టి పొరలుగా ఊడుతుంది. మళ్లీ సిమెంటు పూస్తారు. డబ్బు పెట్టి మరీ గోడని పాడుచేసుకోవడం ఇది.

చేయాల్సింది: చెమ్మ గీతకి ఒక అడుగు పైదాకా సిమెంటు పూత మొత్తం ఊడగొట్టాలి. ఇటుకల మధ్య సందులు అరంగుళం లోతు గీకి, పొడిబ్రష్షుతో ఉప్పు దులపాలి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది. ఒక ఎండాకాలం గోడని అలా వదిలేస్తే మంచిది, చూడ్డానికి బాగోదు గానీ. తర్వాత ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుక. ఇటుక పొడి దొరికితే ఇసుకలో కొంత తగ్గించి అది కలపండి, తడి చోట గట్టిగా పట్టుకుంటుంది. సున్నం ముద్ద కనీసం రెండు మూడు వారాలు నీళ్లలో నానాలి. అప్పటికప్పుడు కలిపితే ఉడకని పలుకులు పూతలో పొంగి గుంటలు పడతాయి. పూత అరంగుళం చొప్పున రెండు దఫాలు. వారం పది రోజులు తడి గోనె కట్టి ఉంచాలి. పైన వెల్ల మాత్రమే, పలుచగా మూడుసార్లు, అందులో కాస్త వజ్రం (జిగురు) కలిపితే చేతికి అంటదు. సున్నం పని వచ్చిన మేస్త్రీలు తగ్గిపోయారు. పాత గుళ్లకి మరమ్మతులు చేసే మేస్త్రీల్ని వాకబు చేయండి. "కొంచెం సిమెంటు కలుపుదామండీ, గట్టిగా ఉంటుంది" అని ఎవరైనా అంటే ఆ పని ఆయనకి ఇవ్వకండి.

కప్పు సంగతి. పెంకుటిల్లయితే కోతులు వచ్చిపోయాక ఏ పెంకు జరిగిందో కింద నుంచి కనబడదు. మధ్యాహ్నం తలుపులన్నీ మూసి చీకట్లో పైకి చూస్తే సూర్యుడి చుక్కలు కనబడతాయి. వాటికి సుద్దతో నేల మీద గుర్తులు పెట్టుకుని, వైశాఖంలోనే పెంకు సర్దించాలి. తొలకరి పడ్డాక పనివాళ్లు దొరకరు. మిద్దె అయితే దూలాల కొసలే ప్రాణం. దూలం మధ్యలో రాయిలా ఉన్నా గోడలోకి దిగిన చోట చెద తినేసి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి: గట్టి చెక్క ఖంగుమంటుంది, తిన్నది మెత్తగా పలుకుతుంది. చెద మందు నేల, గోడ కలిసే మూలలో అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి పోయించాలి. 30.5 శాతం ఇమిడాక్లోప్రిడ్ అయితే లీటరు నీళ్లకి 2.1 మిల్లీలీటర్లు. నుయ్యి ఉన్న ఇంట్లో దాని దగ్గర్లో పోయనివ్వద్దు.

నుయ్యి అంటే గుర్తొచ్చింది. పాత పెరళ్లన్నిటిలో నుయ్యి ఉండేది. ఇప్పుడు కనబడకపోతే ఎక్కడ పూడ్చారో అడగండి. చెత్తతో పూడ్చి దాని మీద వంటిల్లు కట్టేస్తే గచ్చు కుంగి గోడ చీలుతుంది. డ్రెయిను పక్క గోడల కింద పందికొక్కుల బొరియలు కూడా ఇదే పని చేస్తాయి. గాజుపెంకులు కలిపిన కంకరతో గట్టిగా దట్టించి మూయాలి, ఉత్త మన్ను వేస్తే రెండు రాత్రుల్లో తవ్వేస్తాయి.

ఉమ్మడి గోడ ఉన్న ఇంటికి పెద్ద గండం పక్కింటి అపార్ట్‌మెంటు. వాళ్లు పునాది తవ్వే ముందే మీ గోడలన్నీ తేదీ పడేలా ఫొటోలు తీయండి. ఉన్న పగుళ్ల మీద అడ్డంగా సన్నని గాజు పట్టీ రెండు కొసలా సిమెంటుతో అతికించండి. పట్టీ విరిగితే పగులు కదులుతున్నట్టే. ఆ రోజే కట్టేవాళ్లకి కాగితం మీద రాసి ఇవ్వాలి, నోటిమాట చెల్లదు.

కరెంటు: చెక్కపట్టీల్లో పోయిన పాత వైరింగుకి ఎర్తు ఉండదు. ఒక్క ఏసీ పెట్టినా విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించండి. కొత్త ఎర్తు గుంట, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చి) లేకుండా చెమ్మ గోడల ఇంట్లో ఉండకండి. అసలు పదమూడడుగుల గదికి ఏసీ దండగ. ఫ్యాను రాడ్డు పొడవు పెంచి రెక్కలు నేల నుంచి తొమ్మిది అడుగుల్లో తిరిగేలా చేస్తే చాలా తేడా తెలుస్తుంది. మందపు గోడ పొద్దున్న చల్లగా ఉండి రాత్రి వేడి వదులుతుంది. అందుకని మేలో పగలు కిటికీలు మూసి, సాయంత్రం గట్టు వైపు తెరవాలి. గట్టుకి నిలువుగా ఉన్న సందుల్లోకి గోదావరి గాలి నేరుగా దూరుతుంది. అడ్డంగా ఉన్న వాటికి ఆ అదృష్టం లేదు. అద్దెకి చూసేటప్పుడు ఇది అడిగేవాళ్లే కనబడరు.

కొనేవాళ్లకి: వాటాలు తెగని ఇళ్లు ఎక్కువ. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే పత్రం), లింకు దస్తావేజులు (ఇంతకుముందు చేతులు మారిన పత్రాలు), పాత డోరు నంబరుకి కొత్త నంబరు అదేనని కార్పొరేషన్ ధ్రువీకరణ తీసుకోండి. గుడి మాన్యాలు 22-ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితా) ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు, అది ముందే చూడాలి. నడవ ఎవరిది, అందులో నడిచే హక్కు దస్తావేజులో రాసుందా అన్నది విడిగా చదవండి.

కారు ఉంటే సందు వెడల్పు కాదు, మలుపు కొలవండి. భూగర్భ డ్రైనేజీ లేని వీధైతే సెప్టిక్ లారీ నిలవగలిగే చోటు నుంచి ట్యాంకు మూత దాకా తాడు పట్టి కొలిచి, వాళ్ల గొట్టం అంత ఉందో లేదో అడగండి.

ఇన్ని చెప్పాక కూడా ఇక్కడే ఉండమంటాను. వీరేశలింగం గారి ఇల్లూ, ఆయన 1890లో కట్టించిన టౌన్ హాలూ, గట్టు మీద దామెర్ల రామారావు చిత్రశాలా అన్నీ ఈ పాత ఊళ్లోనే. గోదావరి స్టేషన్‌కి సంచి భుజాన వేసుకుని నడిచి పోవచ్చు, కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు మాత్రం అక్కడ ఆగవు. కార్తీకంలో నాలుగింటికే స్నానాలకి పోయేవాళ్ల మాటలతో మెలకువ వస్తుంది, నిద్ర తేలికైనవాళ్లు వీధి వైపు గదిలో పడుకోకూడదు. వరద రోజుల్లో కుళాయి నీళ్లు ఎర్రగా ఉంటే బిందెలో పటిక రెండు మూడు చుట్లు తిప్పి, నాలుగైదు గంటలు కదపకుండా ఉంచి, పై నీళ్లు వంచుకుని కాచుకోవాలి.

2027లో పుష్కరాలు. పన్నెండు రోజులూ ఘాట్ల చుట్టూ వీధుల్లో బండి కదలనివ్వరు. బంధువులు మాత్రం తప్పకుండా దిగుతారు. రెండో గ్యాసు బండ, నిండిన సంపు, ఖాళీ చేయించిన సెప్టిక్ ట్యాంకు, ఈ మూడూ నెల ముందే చూసుకోండి. పుష్కరాలు మొదలయ్యాక ఆ లారీ మీ సందు దగ్గరికి రాదు.